ఒక్కరే వచ్చారాండీ?

గోదావరి జిల్లాల్లో ఒంటరిగా దిగిన మనిషికి ప్రశ్నలకు లోటుండదు. రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో బెంచీ మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, పక్కనున్న పెద్దాయన సంచి కాస్త జరిపి "ఏ ఊరండీ మనది?" అంటారు. చెప్పగానే "ఎవరింటికండీ?" అని రెండోది. ఎవరింటికీ కాదండీ, ఊరు చూద్దామని వచ్చాను అంటే, ఒక్క క్షణం ఆగి మూడోది: "ఒక్కరే వచ్చారాండీ?"

మొదటిసారి ఒంటరిగా బయల్దేరేవారికి బెంగ ఈ మూడో ప్రశ్న దగ్గరే. దొంగల భయం, దారి తప్పుతామన్న భయం అని పైకి చెప్పుకుంటాం గానీ, లోపల పీకేది మాత్రం నలుగురి చూపే. ఇరవై రెండేళ్ల అమ్మాయికైనా, పిల్లల పెళ్లిళ్లు చేసేసిన యాభై ఏళ్ల ఇల్లాలికైనా, రిటైరైన గుమాస్తా గారికైనా అదే బెంగ. హోటల్లో ఒక్కరమే కూర్చుని తింటుంటే ఏమనుకుంటారు? లాడ్జి కౌంటరు దగ్గర ఒక్క పేరే రాస్తుంటే ఎలా చూస్తారు?

ఆ మూడో ప్రశ్నలో అనుమానం తక్కువ. డెల్టా పల్లెల్లో ఒంటరిగా వచ్చే మనిషికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది: పెళ్లి సంబంధం, కౌలు లెక్క, కోర్టు వాయిదా, ఆసుపత్రి. ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు కార్తీకమాసంలో బస్సుల నిండా గుంపుగా వచ్చేవారు. మీరు ఈ రెండు లెక్కల్లోనూ ఇమడరు కాబట్టి మిమ్మల్ని ఏ వరసలో కూర్చోబెట్టాలా అని బెంచీ మీది పెద్దాయన వెతుక్కుంటున్నారు, అంతే. వరస కుదిరిందంటే "ఈ అమ్మాయిని ముక్తేశ్వరం సెంటర్లో దింపండి" అని కండక్టరుకు ఆయనే ఒప్పజెబుతారు.

కాబట్టి ఇల్లు కదిలే ముందే ఒక్క వాక్యం జవాబు సిద్ధం చేసుకోండి. "సెలవు దొరికిందండీ, గోదావరి చూద్దామని వచ్చాను." చాలు. సంజాయిషీ లాగా సాగదీయొద్దు. ఎక్కడ దిగారో, గది నంబరెంతో మాత్రం ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరీ గుచ్చి అడిగేవారు తగిలితే "మా వాళ్లు భీమవరంలో ఉన్నారండీ, సాయంత్రం వస్తారు" అనడం అబద్ధమే. ఒంటరిగా ఉన్న ఆడపిల్ల ఆడే ఆ అబద్ధాన్ని నేను తప్పుపట్టను.

ఒంటరి ప్రయాణానికి కావలసింది ధైర్యమని చాలా పుస్తకాలు చెబుతాయి. నా లెక్కలో కావలసింది అడగడం వచ్చి ఉండటం. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, చెప్పిన జవాబును ఎంతవరకు నమ్మాలి. ఇది చేతికొస్తే ధైర్యం దాని వెనకే వస్తుంది. నేర్చుకోవడానికి గోదావరి డెల్టాను మించిన బడి నాకు కనబడలేదు. అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు ఇక్కడ తక్కువ.

ఈ అడగడం ఇక్కడ కొత్తదేం కాదు. చదువు కోసం రాజమండ్రి, కాకినాడ, పిఠాపురం చేరిన పేద కుర్రాళ్లు ఒకప్పుడు వారాలు చేసుకుని బతికారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఎరగని ఊళ్లో ఎరగని గడప ముందు నిలబడి నోరు తెరిచి అడగడమే వాళ్ల మొదటి చదువు. అన్ని కులాల పిల్లలకూ అన్ని గడపలూ తెరుచుకునేవి కావన్న సంగతి కూడా మరిచిపోకూడదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారులకు కూడా వండి వడ్డించి పేరు పొందారు. గన్నవరం అక్విడెక్టుకు ఇప్పుడు ఉన్నది ఆవిడ పేరే. వచ్చిన మనిషి తిన్నాడా లేదా అన్నది ఈ ప్రాంతంలో ఇప్పటికీ పలకరింపులో భాగం.

టికెట్ కొనేముందు

మొదటి ప్రయాణానికి నేను రాజమండ్రినే చెబుతాను. మరీ పెద్ద నగరం కాదు, రాత్రి ఎనిమిదింటికి కట్టేసే చిన్న ఊరూ కాదు. మద్రాసు, కలకత్తా ప్రధాన రైలుమార్గం మీద ఉంది కాబట్టి వెళ్లాలన్నా తిరిగి రావాలన్నా బండ్లకు కొదవ లేదు. దారి తప్పినా ఏటిగట్టు వైపు నడిస్తే మళ్లీ తెలిసిన చోటికే వస్తారు.

2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది. బోర్డుల మీదా ప్రభుత్వ కాగితాల మీదా అదే ఉంటుంది, జనం నోట మాత్రం రాజమండ్రే. రైలు టికెట్టుకు ఆర్‌జేవై అన్న కోడ్ గుర్తుంచుకుంటే గొడవ ఉండదు. పుష్కర ఘాట్‌కు దగ్గర్లో గోదావరి అని చిన్న స్టేషన్ ఇంకొకటుంది. మీ బండి అక్కడ ఆగితే అక్కడే దిగడం మేలు కావచ్చు, ముందే చూసుకోండి. ఇలాంటి జంట స్టేషన్లు ఈ ప్రాంతంలో కొత్తవాళ్లను బాగా తిప్పలు పెడతాయి. భీమవరానికి టౌన్ స్టేషన్ వేరు, జంక్షన్ వేరు. కాకినాడకు టౌన్ వేరు, పోర్టు వేరు. దిగేది ఒకచోట, తిరుగు బండి ఎక్కేది మరోచోట అయితే ఆఖరి నిమిషంలో ఆటో వెనక పరుగులే. అమలాపురానికైతే ఇప్పటికీ రైలే లేదు, బస్సే గతి.

జిల్లాల సంగతి కూడా ఒకసారి సరిచూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, పశ్చిమ గోదావరికి భీమవరం ముఖ్యపట్టణాలయ్యాయి. కాకినాడ, ఏలూరు వేరే జిల్లాలు. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది, తర్వాత దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అయింది. పెద్దవాళ్లు మాత్రం కాకినాడను తూర్పులోనూ ఏలూరును పశ్చిమలోనూ కలిపే మాట్లాడతారు. ఫోన్‌లో చిరునామా వెతుకుతున్నప్పుడు పాత జిల్లా పేరు కనబడితే కంగారుపడొద్దు.

హైదరాబాదు నుంచి ప్రైవేటు బస్సులో వచ్చేవారు తప్పకుండా అడగాల్సింది: ఎక్కడ దింపుతారు? చాలా బస్సులు ఊళ్లోకి రావు, హైవే మీద లాలాచెరువు దగ్గరో మోరంపూడి దగ్గరో తెల్లవారుజామున దింపేసి పోతాయి. నిద్రకళ్లతో, చీకట్లో, చుట్టూ ఆటోవాళ్లు మూగుతుంటే మొదటి ప్రయాణం మొదలవడం మంచిది కాదు. వెలుతురులో దిగే బండినే ఎంచుకోండి. ఉదయం ఏడు దాటాక, సాయంత్రం నాలుగులోపు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం భయాలు పుట్టవు.

కాలం చూసుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. మే నెల ఎండా ఉక్కా కలిసి మనిషిని కూలేస్తాయి. జులై, ఆగస్టుల్లో వరద. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల సందడితో భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే గగనం, దొరికినా ధర చెప్పనలవి కాదు. పెళ్లి ముహూర్తాలప్పుడు లాడ్జీలన్నీ పెళ్లివారితో నిండిపోతాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల మొదటి రోజు, జులై 14న, రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. పుష్కరస్నానం చేయాలనుకుంటే ఇంట్లోవాళ్లతో వెళ్లండి, మొదటి ఒంటరి ప్రయాణానికి మాత్రం ఆ పన్నెండు రోజులు వద్దు.

గది

మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటారో ఇంటి దగ్గరే తేలిపోవాలి. దిగాక వెతుక్కుందాం అన్నది అలవాటైన వాళ్ల దారి.

యాప్‌లో డబ్బు కట్టేసినా సరే, లాడ్జికి ఫోన్ చేసి ఒక మాట అడగండి: "ఒక్కరికే గది ఇస్తారాండీ?" కొన్ని లాడ్జీలు ఒంటరి మనిషికి, ముఖ్యంగా ఒంటరి ఆడమనిషికి, ఇవ్వడానికి వెనకాడతాయి. నియమం అంటూ ఏమీ ఉండదు, మేనేజరు మనసులో ఉంటుందంతే. కౌంటరు ముందు వాదించడం కన్నా ఫోన్‌లో తేల్చుకోవడం తేలిక. గుడి సత్రాలు చవక, శుభ్రంగానూ ఉంటాయి, కానీ కొన్నిచోట్ల ఒక్కరికి గది ఇవ్వరు, అదీ ముందే కనుక్కోవాలి. రైలు టికెట్ చేతిలో ఉంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూము మొదటిసారి వెళ్లేవారికి మంచి ఆసరా, ఖాళీ ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. పగలంతా తిరిగి రాత్రి బండికి వెళ్లిపోయేవారు సంచిని క్లోక్‌రూములో పెట్టుకోవచ్చు, తాళం వేసిన సంచులే తీసుకుంటారు కాబట్టి ఒక చిన్న తాళంకప్ప వెంట ఉంచుకోండి.

గుర్తింపు కార్డు నకలు అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. గదిలోకి వెళ్లగానే లోపలి గడియ పడుతుందో లేదో చూడండి. పడకపోతే మొహమాటపడకుండా గది మార్పించుకోండి. దోమల మందు బిళ్ల అడగడం మరిచిపోవద్దు. కాలవల దేశం ఇది.

అడిగే పద్ధతి

ఇక అసలు విషయం. గోదావరి వాళ్ల మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది. ఆ మర్యాదే కొత్తవాళ్లను ఒక్కోసారి దారి తప్పిస్తుంది. "ఈ బస్సు ద్రాక్షారామం వెళ్తుందాండీ?" అని అడిగారనుకోండి. ఎదుటాయన సరిగా వినకపోయినా, ఆయనకు సరిగా తెలియకపోయినా, "ఆయ్" అనేస్తారు. కాదనడం అమర్యాద అన్న భావం. అందుకే అవును, కాదులతో తేలిపోయే ప్రశ్న వేయొద్దు. "ద్రాక్షారామం బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అనండి. అప్పుడు ఆయన ఆలోచించి చెప్పాలి. తెలిస్తే చెయ్యి చూపిస్తారు, తెలియకపోతే పక్కాయన్ని పిలుస్తారు. రెండింట్లో ఏదైనా మీకు లాభమే.

దూరం కూడా అంతే. "ఇక్కడేనండి, దగ్గరే" అన్న మాటకు వంద గజాలా రెండు కిలోమీటర్లా అన్నది చెప్పే మనిషి కాళ్ల బలాన్ని బట్టి ఉంటుంది. దూరం అడగొద్దు. "నడిస్తే ఎంతసేపు పడుతుందండీ? ఆటోకి ఎంత తీసుకుంటారండీ?" అని అడగండి. ఆటో మాట్లాడుకునే ముందు ఆ రెండో ప్రశ్న పక్కనున్న కిళ్లీకొట్టులోనో మందులషాపులోనో వేయాలి. ధర చేతిలో ఉన్నాక బేరం మర్యాదగా ముగుస్తుంది.

ఎవరిని అడగాలన్నదీ చిన్న విషయం కాదు. కదలకుండా ఒకచోట వ్యాపారం చేసుకునేవాళ్ల దగ్గర మంచి సమాచారం దొరుకుతుంది: మందులషాపు, జిరాక్సు కొట్టు, టిఫిన్ బండి దగ్గరి ఆవిడ, బస్టాండు ఎంక్వయిరీ కిటికీ. వాళ్లు రేపు కూడా అక్కడే ఉండాలి, అబద్ధం చెప్పి సాధించేదేమీ లేదు. స్టేషన్ గుమ్మంలో మీరు అడక్కుండానే వచ్చి సంచి అందుకోబోయే మనిషిని మాత్రం నవ్వి వదిలేయండి. "మా వాళ్లు వస్తున్నారండీ" అంటే ఇంకో మాట ఉండదు. ముఖ్యమైన విషయమైతే, అంటే ఆఖరి బస్సు, రేవు వేళలు, రాత్రి దారి లాంటివి, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దర్ని అడగండి. ఇద్దరి జవాబూ ఒకటైతే నమ్మొచ్చు.

పిలుపులో పొదుపు చేయొద్దు. పెద్దాయన్ని "బాబాయ్ గారూ" అనో, ఆవిడను "పిన్నిగారూ" అనో పిలిచి, చివర్లో "అండీ" వదలకుండా ఉంటే చాలు. ఆటో తోలే కుర్రాడిని సైతం ఇక్కడ మీరు అనే అంటారు. నువ్వు అన్నారంటే ఏమీ అనరు గానీ, ఆ తర్వాత మాట పొడిపొడిగా ఉంటుంది.

ఒక చిక్కు మాత్రం ముందే చెప్పాలి. రాజమండ్రి ఊళ్లో కోటిపల్లి బస్టాండు అని ఒకటి, గోకవరం బస్టాండు అని ఒకటి ఉన్నాయి. కోటిపల్లి గౌతమి ఒడ్డున దూరంగా ఉన్న వేరే ఊరు, గోకవరం ఇంకో దిక్కున ఇంకో ఊరు. "కోటిపల్లి బస్టాండు దగ్గర దిగండి" అంటే కోటిపల్లి వెళ్లమని కాదు!

ఇలా అడగడం పాతకాలపు ప్రయాణికులకూ తప్పలేదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. తిరుగుదారిలో తూర్పు తీరం వెంటే వచ్చారు. ఆయన ఒంటరివాడు కాదు, వెంట పెద్ద పరివారమే ఉంది. అయినా ఆయన రాసిపెట్టుకున్న వివరాలు చూస్తే ప్రతి మజిలీలోనూ అడిగి తెలుసుకున్నవి దాదాపు ఒకటే: దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, అంగళ్లు ఉన్నాయా, ముందున్న దారి ఎలా ఉంది. ఫోన్‌లో మ్యాపు ఉన్న మనిషికి కూడా ఈ నాలుగూ అడిగి తెలుసుకోవాల్సినవే. దారి మ్యాపు చెబుతుంది, ఆ దారిలో రాత్రి ఏడు తర్వాత దీపాలు వెలుగుతాయో లేదో ఊళ్లోవాళ్లు చెప్పాలి.

మొదటి రోజు

మొదటి రోజు ఊరు దాటొద్దు. ఉదయాన్నే పుష్కర ఘాట్‌కు వెళ్లి మెట్ల మీద కూర్చోండి. ఒక్కరే కూర్చున్నందుకు ఎవరూ వింతగా చూడని చోటు అది, సగంమంది అలాగే వస్తారు. ఎదురుగా వంతెనలు కనిపిస్తాయి. 1900లో మొదలై 1997 వరకు రైళ్లను మోసిన పాత హేవ్‌లాక్ వంతెన, కింద రైలు పైన రోడ్డుతో నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే 1974 నాటి వంతెన, విల్లుల వరసలా ఉండే కొత్త రైలు వంతెన. ఏది ఏదో పక్కవారిని అడగండి. అడగడానికి ఇంతకన్నా సులువైన మొదటి ప్రశ్న దొరకదు, పైగా చెప్పడానికి వాళ్లకూ సరదా.

తర్వాత కందుకూరి వీరేశలింగం గారిల్లు చూడండి. మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న ఆయన జరిపించింది ఈ ఊళ్లోనే. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాల వాసన మధ్య ఓ గంట గడపొచ్చు. గ్రంథాలయం ఒంటరి ప్రయాణికుల పాలిట సత్రం. నీడ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, ఎందుకొచ్చావని అడిగేవాళ్లుండరు. ఇవన్నీ సెలవు రోజులు చూసుకునే బయల్దేరండి.

భోజనం. ఒక్కరే కూర్చుని తినడం చాలామందికి గండం. దానికి నా సలహా చప్పగా ఉంటుంది: పన్నెండింటికే వెళ్లండి. రద్దీ ఉండదు, కూరలు వేడిగా ఉంటాయి, గోడవార బల్ల దొరుకుతుంది, వడ్డించేవాళ్లకు తీరిక ఉంటుంది. ఒంటిగంట దాటితే ఎదుట ఎవరో ఒకరు కూర్చుంటారు, వెనక ఇంకొకరు ఎప్పుడు లేస్తారా అని నిలబడతారు. సంచి కాళ్ల మధ్య పెట్టుకుని, ఫోన్ బల్ల మీద పెట్టకుండా, నిదానంగా తినండి. "మజ్జిగ పులుసు వేయనాండీ?" అని మారు అడిగితే వద్దని మొహమాటపడకండి. ఎండవేళ రోజ్‌మిల్క్ తాగి గదికి వెళ్లి పడుకోండి. మధ్యాహ్నం కునుకు తీసిన మనిషి సాయంత్రం బెదరడు.

సాయంత్రం ధవళేశ్వరం. 1847లో పని మొదలుపెట్టి 1852 కల్లా ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తిచేసిన చోటు. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత కట్టింది. అక్కడి కాటన్ మ్యూజియం చూశాక గానీ డెల్టాలో ఎక్కడ చూసినా కాలవలు, లాకులు ఎందుకున్నాయో బుర్రకెక్కదు.

అందరూ చెప్పరు గానీ, కష్టమైన ఘడియ రాత్రి ఏడున్నర. పగలు చూసిందంతా చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉండడు. గదిలో ట్యూబులైటు, గోడ మీద ఎవరిదో పాత క్యాలెండరు. ఎందుకొచ్చానా అనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది. అప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే గొంతు పట్టేస్తుంది, అవతల అమ్మ కంగారుపడుతుంది. ఇంటికి ఫోన్ ఆరింటికే, వెలుతురుండగా, ఘాట్ దగ్గర్నుంచో హోటల్ నుంచో చేసేయండి. ఏడున్నరకు గదిలో ఉండకండి. జనం ఉన్న టిఫిన్ సెంటర్లో పెసరట్టు తినండి, మెయిన్ రోడ్డు దుకాణాలు చూడండి, తొమ్మిదింటికి గది చేరండి. పడుకునేముందు రేపటి బస్సు, దిగాల్సిన చోటు, తిరిగొచ్చే వేళ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చచ్చిపోయినా కాగితం బతికే ఉంటుంది.

రెండో రోజు, రేవు దాటి

రెండో రోజు చుట్టి రావడానికి చక్కని దారి ఒకటుంది. రాజమండ్రి నుంచి రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటి. మిగతా నాలుగింటిలో సామర్లకోట, పాలకొల్లు, భీమవరం కూడా ఈ గోదావరి జిల్లాల్లోవే. భీమేశ్వరుడి దర్శనమయ్యాక కోటిపల్లి. అక్కడ గౌతమి మీద రేవు దాటి ముక్తేశ్వరం. అక్కణ్నుంచి అమలాపురం, తర్వాత బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి. తెలతెలవారుతూ బయల్దేరితే చీకటి పడకముందే గది చేరొచ్చు.

ఆడవాళ్లకు ఇందులో బస్సు ఖర్చే లేకపోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి. కార్డు సంచి అడుక్కి తోసేయకండి.

రేవు దగ్గర మాత్రం సరదాలు తగ్గించుకోండి. ఏరు దాటించే పంటు ఎక్కేముందు రెండు సంగతులు అడగండి: ఆఖరి పంటు ఎన్నింటికి, ఈ రోజు గోదావరి ఎలా ఉంది. వరద రోజుల్లో రేవులు ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. పేపర్లో మొదటి హెచ్చరిక చూశారంటే రేవు దారి మానేసి వంతెన దారి పట్టండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఆగిపోతే చించినాడ వంతెన ఉన్నట్టే, ఇక్కడా చుట్టుదారి ఉంటుంది. గంట ఆలస్యమైతే అయింది.

పాపికొండల బోటు ఎక్కాలనిపిస్తే లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్ పెట్టుకుని, దిగేదాకా తీయకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. బతికిన వాళ్లను ముందుగా ఒడ్డుకు చేర్చింది నాటు పడవల్లో వచ్చిన ఆ ఊరి జనం. ఉక్కగా ఉందని జాకెట్ విప్పేసేవాళ్లను చూసి మీరూ విప్పొద్దు. తెలియని రేవులో ఒంటరిగా నీళ్లలోకి అసలు దిగొద్దు. పైకి మోకాలి లోతనిపించే చోట ఇసుక తవ్విన గోతులుంటాయి. ఈతొచ్చినవాళ్లకూ ఇదే మాట.

అత్యవసరానికి 112, మహిళలకు 181, రైల్లో ఉంటే 139, అంబులెన్సుకు 108. ఇవి ఫోన్‌లో కాదు, జేబులో పెట్టుకున్న ఆ కాగితం మీద ఉండాలి.

మూడో రోజు పొద్దున్నే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. బాగుంది కదా అని ఇంకో రెండు రోజులు పొడిగించాలనిపిస్తుంది, పొడిగించొద్దు. అంతర్వేది, యానాం, ఆత్రేయపురం పూతరేకులు, కడియం నర్సరీలు రెండోసారికి ఉంచుకోండి. వెళ్లే టికెట్‌తోపాటే తిరుగు టికెట్ కూడా పగటి బండికి తీసుకోవాలి.

ఇక ఆలస్యం చేయకండి. క్యాలెండరు తీసి, పండగా సెలవూ ముహూర్తమూ లేని ఒక వారం మధ్య రోజు చూసి, ఇంట్లో ఒక్కరికి చెప్పి, ఇవాళే రిజర్వేషన్ చేయించుకోండి.